వంటింట్లో దాచిన రాజు: బెల్గారియాడ్ ఐదు పుస్తకాలు, మా వీధి పాఠకుల గొడవలు

రహస్యం ఏదో చివర్లో బయటపడుతుందని ఆశపడేవాళ్ళు ఈ పుస్తకాలు కొనకండి. ఒక పల్లెటూరి ఆసామి వంటింట్లో పెరుగుతున్న తల్లీదండ్రీ లేని పిల్లాడు నిజానికి ఒక సింహాసనానికి వారసుడన్న సంగతి మొదటి పుస్తకం సగానికి రాకముందే మీరు పసిగట్టేస్తారు. ఆ పిల్లాడికి మాత్రం నాలుగో పుస్తకం దాకా తలకెక్కదు. "ఇదేటి కథ, ముందే తెలిసిపోయింది కదా" అని మా బావగారు యాభై పేజీలు చదివి బల్లమీద పడేసి వెళ్ళిపోయారు. నేను ఐదూ చదివాను. కొన్ని చోట్ల రెండోసారి కూడా చదివాను. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పుస్తకాల వరస పేరు బెల్గారియాడ్. రాసింది డేవిడ్ ఎడ్డింగ్స్ అనే అమెరికన్. పాన్ ఆఫ్ ప్రాఫెసీ, క్వీన్ ఆఫ్ సార్సరీ 1982లో వచ్చాయి. మెజీషియన్స్ గాంబిట్ 1983లో, కాజిల్ ఆఫ్ విజర్డ్రీ, ఎన్‌చాంటర్స్ ఎండ్ గేమ్ 1984లో వచ్చాయి. పేర్లన్నీ చదరంగం నుంచి తెచ్చినవే, బంటుతో మొదలై ఆఖరి ఆట దాకా. మూడు పుస్తకాలుగా అనుకున్నదాన్ని ప్రచురణకర్తలు ఐదుగా కోయించారు. కోసిన గుర్తులు కనబడుతూనే ఉంటాయి. ఒక్కో పుస్తకం ముగియదు, ఉన్నచోట ఆగిపోతుందంతే. అందుకని ఐదూ చేతిలో పెట్టుకునే మొదలుపెట్టాలి. ఒకటి చదివి చూద్దాం, నచ్చితే రెండోది కొందాం అనుకుంటే మధ్యలో టెన్షన్ తప్పదు.

మాది పర్లాకిమిడి, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న ఒడిశా ఊరు. నేను హైస్కూలు పిల్లలకి లెక్కల ట్యూషన్లు చెప్తాను. బ్యాచికీ బ్యాచికీ మధ్య దొరికే టైములో చదువుకుంటాను. ఇంగ్లీషులో నవలలు అవలీలగా చదివే బాపతు కాదు నేను. అయినా ఇవి ఆగకుండా సాగాయి. చిన్న వాక్యాలు, సగానికి సగం మాటలే, కష్టమైన పదం వచ్చినా కథ మనల్ని తోసుకుపోతుంది. నా తర్వాత ఇవి చేతులు మారాయి. రిటైరైన తెలుగు మాష్టారు ఒకరు, భువనేశ్వర్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనకోడలు, పక్కింటి ఒడియా అక్క చదివారు. ఇక మా బావగారు, చదవకపోయినా అభిప్రాయం మాత్రం గట్టిగా ఉన్న మనిషి. కింద రాసేదాంట్లో సగం వాళ్ళ మాటలే.

కథ టూకీగా. దేవుళ్ళు ఏడుగురు. అందులో ఆల్డర్ అనే దేవుడు ఒక మణిని తయారుచేశాడు. టోరాక్ అనే ఇంకో దేవుడు దాన్ని లాక్కుని వాడబోతే అది అతని ముఖాన్ని, ఎడమ చేతిని కాల్చేసింది. ఆ మణిని పట్టుకోగలిగినవాడు రివా. అతని వంశం వాళ్ళే దాన్ని కాపాడాలి. ఇప్పుడు ఆ మణిని ఎవరో దొంగిలించారు. దాని వెంట పడి పోయే గుంపులో మన పిల్లాడు గారియన్ కూడా ఉన్నాడు, ఎందుకు తీసుకెళ్తున్నారో వాడికి తెలియదు. పాతాళభైరవి నాటి నుంచీ మనం చూస్తున్న సరుకే. మణీ, మాంత్రికుడూ, ప్రయాణమూ. దీని గురించి నేను ఇంతకన్నా చెప్పను. ఈ పుస్తకాల బలం అక్కడ లేదు.

బలమంతా పోల్ పిన్ని దగ్గర ఉంది.

మొదటి పుస్తకం వంటింట్లోనే మొదలవుతుంది. సెండారియా దేశంలో ఫాల్డర్ అనే రైతు పొలం, అక్కడ అంతమంది పనివాళ్ళకూ వండిపెట్టే పెద్ద వంటిల్లు. గారియన్‌కి తెలిసిన మొట్టమొదటి ప్రపంచం ఆ వంటిల్లే. చుట్టూ పొయ్యిలు, మరిగే గిన్నెలు, వేగే వాసనలు, మధ్యలో నుదుటి మీద ఒక్క తెల్లటి పాయతో పోల్ పిన్ని. ఆవిడ పిండి కలుపుతున్నా, కూర కలియబెడుతున్నా, పక్కవాళ్ళని కసురుతున్నా పిల్లాడు ఎక్కడున్నాడో ఆవిడకి తెలుస్తూనే ఉంటుంది. మురికిగా వస్తే చెవుల వెనక తోమి తోమి వదిలిపెడుతుంది. అప్పుడప్పుడూ కథలు చెప్పుకుంటూ ఊళ్ళు తిరిగే ఒక ముసలాయన వస్తాడు, చిరిగిన బూట్లు, చేతివాటం. వచ్చిన ప్రతిసారీ వంటింట్లోంచి ఏదో ఒకటి మాయం. ఆవిడ తిడుతుంది, ఆయన నవ్వుతాడు. వాళ్ళిద్దరి మధ్య తిట్లలో ఏదో పాత చనువు ఉందని పిల్లాడికి అనిపిస్తుంది కానీ అదేంటో తెలియదు. మనకి కొన్ని పేజీల తర్వాత తెలుస్తుంది. ఆ ముసలాయన ఏడువేల ఏళ్ళ మాంత్రికుడు బెల్‌గరాత్, ఈవిడ ఆయన కూతురు పోల్గారా.

ఇక్కడ నా లెక్కల బుర్ర పనిచేసింది. రివా వంశాన్ని హంతకులు ఒకేసారి తుడిచిపెట్టేశారు, ఒక్క పిల్లవాడు తప్పించుకున్నాడు, వాణ్ని పోల్గారా దాచింది. అది జరిగి గారియన్ పుట్టేనాటికి సుమారు 1,300 ఏళ్ళు. పాతికేళ్ళకో తరం చొప్పున వేసుకున్నా యాభై తరాల పైమాట. ఈ యాభై తరాలనీ ఆవిడే కాపలా కాసింది. పేరు లేని ఊళ్ళలో, చేతిపనులు చేసుకు బతికే కుటుంబాల్లో ఆ వంశాన్ని దాచింది. గారియన్ తండ్రి కూడా రాళ్ళు కొట్టుకు బతికినవాడే. వారసుడు పెరుగుతాడు, పెళ్ళవుతుంది, పిల్లలు పుడతారు, ముసలివాడవుతాడు, పోతాడు. ఆవిడకి మాత్రం వయసు రాదు. మళ్ళీ ఇంకో పసివాడు, మళ్ళీ చెవుల వెనక తోమడం. సింహాసనం ఎక్కిన వాడి పేరు అందరూ చెప్పుకుంటారు. ఎక్కకుండా వడ్రంగాలూ తాపీపనులూ చేసుకుంటూ పోయిన ఆ యాభైమంది సంగతి?

ఎడ్డింగ్స్ ఈ ఐదు పుస్తకాల్లో దీన్ని రెండు మూడు చోట్ల తాకి వదిలేస్తాడు. నాకు కోపం వచ్చింది. 1997లో పోల్గారా ద సార్సరెస్ అని ఆవిడ నోటితోనే చెప్పించిన పుస్తకం వచ్చింది కానీ అది వేరే సంగతి. అయినా ఈ లెక్క ఒకసారి వేసుకున్నాక మొదటి పుస్తకం మళ్ళీ చదవండి. వంటింట్లో ఆవిడ విసుక్కున్న ప్రతి మాటా వేరేగా వినబడుతుంది. వారసుడెవరన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. వాడికి చెప్పకుండా ఎన్నాళ్ళు దాస్తారు, ఆ దాచడం దాచేవాళ్ళని ఏం చేస్తుంది, తెలిశాక వాడు వాళ్ళని ఏమంటాడు, ఇవీ అసలు ప్రశ్నలు. ముందే తెలిసిపోయిందని పుస్తకం మూసేసిన బావగారికి నేను చెప్పే జవాబు ఇదే. విరాటపర్వంలో వలలుడు ఎవరో తెలియక వింటున్నామా మనం?

ఈ మాట అన్నది నిజానికి మాష్టారు. పుస్తకం తిరిగి ఇస్తూ, "అమ్మాయ్, ఇది మన అజ్ఞాతవాసమే కదా, వంటింటితో సహా" అన్నారు. కంకుభట్టు, వలలుడు, బృహన్నల, సైరంధ్రి, అందరూ కొలువులో ఊడిగం చేస్తూ ఉంటే వినేవాడికి అన్నీ తెలుసు, విరాటుడికి మాత్రం తెలియదు. ఎప్పుడెప్పుడు బయటపడతారా అన్నదే మన ఆత్రం. వానల కోసం విరాటపర్వం చదివించుకునే జనానికి ముందే తెలిసిన కథ ఒక అభ్యంతరమే కాదు అని ఆయన వాదన. రివా కోటలో మణి కత్తిమీద చేరే ఘట్టం జమ్మిచెట్టు మీంచి గాండీవం దించినట్టు ఉందని కూడా అన్నారు.

నేను సగమే ఒప్పుకున్నాను. పాండవులకి తామెవరో తెలుసు. ఏడాది గడిస్తే చాలు. గారియన్‌కి అది తెలియదు, వాడి అజ్ఞాతవాసానికి గడువు కూడా లేదు. కర్ణుడు దగ్గర అనుకుందామా అంటే కర్ణుణ్ణి తల్లి వదిలేసింది, ఇక్కడ వదలకపోవడమే కథ. నన్నడిగితే రేపల్లె దగ్గర. యశోద ఇల్లు, పాలూ వెన్నా, తను కన్నబిడ్డ కాదని తెలియని పిల్లాడు, మథుర నుంచి వచ్చిపడే రాక్షసులు. తేడా ఏమిటంటే యశోదకే తెలియదు, పోల్ పిన్నికి అంతా తెలుసు. తెలిసి కూడా కూరలు తరగమని పిల్లాడిని కూచోబెడుతుంది. మాష్టారు దీనికి ఒప్పుకోలేదు. ఈ వాదన ఇంకా నడుస్తోంది.

మేనకోడలి అభిప్రాయం వేరు. "అత్తా, వీడు ఎప్పుడు చూసినా నేనే ఎందుకు, నేనే ఎందుకు అని ఏడుస్తాడేంటి" అంది. నిజమే, ఆ మాట గారియన్ నోట అరిగిపోతుంది. రెండో పుస్తకంలో వాడు మూతి ముడుచుకుని కూచునే పేజీలు బాగా తగ్గించొచ్చు. కానీ వాడి కోపంలో న్యాయం ఉంది. పద్నాలుగేళ్ళు పిన్ని అని పిలిచిన మనిషి వేల ఏళ్ళ మంత్రగత్తె అని తెలిస్తే, తాత అనుకున్న బిచ్చగాడు నిజంగానే తన వంశానికి మూలపురుషుడని తెలిస్తే, అమ్మానాన్నలు ఎలా చచ్చిపోయారో ఇన్నాళ్ళూ తన దగ్గర దాచారని తెలిస్తే ఏ పిల్లాడైనా అన్నం మానేస్తాడు. మా ట్యూషన్‌లో మార్కులు దాచినందుకే తల్లితో మాట్లాడడం మానేసిన పిల్లలున్నారు.

వాడు పడే కష్టాల్లో నాకు బాగా నచ్చింది ఒకటి చెప్తాను. ఈ పుస్తకాల్లో మంత్రం అంటే మూలికలూ భస్మాలూ ఏమీ లేవు. మనసులో గట్టిగా సంకల్పించాలి, ఒక్క మాట అనాలి, అది జరుగుతుంది. మూడో పుస్తకంలో గారియన్ ఎవరూ చూడకుండా ఒక పెద్ద బండరాయిని ఇలా లేపబోతాడు. రాయి లేస్తుంది. వీడు చంకల దాకా భూమిలో కూరుకుపోతాడు. రాయి పైకి వెళ్ళాలంటే ఆ బరువు దేని మీదో ఒకదాని మీద ఆనాలి కదా, అది తన మీదే ఆనింది. తొమ్మిదో తరగతి పిల్లలకి న్యూటన్ మూడో సూత్రం చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు, ఈ ఏడు వాడేశాను కూడా. పెద్దవాళ్ళు వచ్చి బయటికి లాగేదాకా వాడు పడే సిగ్గు ఇంకా బాగుంటుంది. ఈ విద్యకి ఇంకో రెండు కట్టుబాట్లు ఉన్నాయి. ఎవరు మంత్రం వేసినా దాని చప్పుడు మిగతా మాంత్రికులకి వినబడుతుంది కాబట్టి దాక్కుని తిరిగేవాళ్ళు ఇష్టం వచ్చినట్టు వాడలేరు. ఉన్నదాన్ని లేకుండా పొమ్మని మాత్రం ఎవరూ అనకూడదు, అంటే అన్నవాడే పోతాడు. ఈ రెండో నియమాన్ని ఊరికే చెప్పి వదలకుండా కథలో సరైన చోట వాడుకున్నాడు రచయిత. లెక్క తప్పలేదు.

ఇక అసలు గొడవకి వస్తాను. పక్కింటి ఒడియా అక్క మూడో పుస్తకం తిరిగి ఇస్తూ ఒక మాట అంది. ఆవిడ తెలుగు మా అందరికన్నా శుభ్రంగా మాట్లాడుతుంది, చదవడం ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ. "మీవాళ్ళు మా గురించి చాటుగా అనేవి, మావాళ్ళు మీ గురించి అనేవి, అవే దేశాలుగా చేసి పెట్టాడు ఈయన" అంది.

ఇంతకంటే సూటి విమర్శ నేను వినలేదు. ఈ పుస్తకాల్లో ప్రతి దేశానికీ ఒక్క గుణం. చెరెక్ వాళ్ళంటే తాగుబోతు వీరులు. టోల్నెడ్రా వాళ్ళకి డబ్బు పిచ్చి. అరెండ్‌లకి పరువు ఎక్కువ, బుర్ర తక్కువ. డ్రాస్నియా వాళ్ళు గూఢచారులు. నైస్సా వాళ్ళు పాములూ విషాలూ. తూర్పు వైపు మర్గోలు పుట్టుకతోనే దుర్మార్గులు, థల్లులు పుట్టుకతోనే మొద్దులు. ఒక మనిషి గుమ్మంలోకి రాగానే ఏ దేశమో చెప్తే చాలు, వాడు ఏం మాట్లాడతాడో మీకు తెలిసిపోతుంది. మొదట ఇది సరదాగా ఉంటుంది. మూడో పుస్తకానికి చిరాకు. మర్గోల్ని చంపడమే జీవితాశయంగా తిరిగే హెట్టార్ అనే మనిషిని మంచివాళ్ళ గుంపులో పెట్టి, అతను చంపిన ప్రతిసారీ మిగతావాళ్ళు చిన్నగా నిట్టూర్చి ఊరుకుంటుంటే నాకు మింగుడు పడలేదు.

మా ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఇది ఇంకాస్త గుచ్చుకుంటుంది. అటు అడుగేస్తే పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా. ఇటు కొండల వైపు సవరల ఊళ్ళు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు మా ఊరు ఒరిస్సాలోకి వెళ్ళింది, మా బంధువుల్లో సగం ఆంధ్ర వైపు ఉండిపోయారు. బజారులో కూరలమ్మే ఆవిడ తెలుగులో ధర చెప్పి, ఒడియాలో బేరమాడి, చిల్లర లేదని సవరలో ఎవరినో పిలుస్తుంది. ఆవిడ ఏ దేశస్థురాలు? సరిహద్దులో ఉన్నవాళ్ళకి ఎదుటివాళ్ళ గురించి సామెతలు ఎక్కువగా వస్తాయి, పెళ్ళి సంబంధాలు కూడా ఎక్కువగానే కలుస్తాయి. ఎడ్డింగ్స్ మొదటిది రాశాడు, రెండోది మర్చిపోయాడు.

పూర్తిగా మర్చిపోలేదనుకోండి. సెండారియా ఉంది. అన్ని దేశాల నుంచీ వచ్చి కలిసిపోయిన జనం, రాజుని కూడా ఓట్లు వేసి ఎన్నుకున్నారు, వీరత్వం లేదు, కాబేజీలు పండించుకుంటారు, వాదనలకి దిగరు, పని చేసుకుంటారు. అక్కడి కమ్మరి డర్నిక్ ఈ ఐదు పుస్తకాల్లో నాకు అందరికంటే ఇష్టమైన మగాడు. రాజులూ మాంత్రికుల మధ్య నడుస్తూ గుర్రం నాడా ఊడిందేమో చూసుకునే మనిషి. కలిసిపోయిన దేశంలోంచే ఇలాంటి మనిషి వచ్చాడని నేను అక్కతో అన్నాను. "అయితే మిగతా దేశాల్లో కమ్మర్లు లేరా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

సిల్క్ గురించి చెప్పకపోతే ఎవరూ క్షమించరు. ఎలకలాంటి ముఖం, పొట్టి మనిషి, యువరాజు, దొంగ, వ్యాపారి, గూఢచారి, ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరు. నలుగురూ ఏకగ్రీవంగా ఒప్పుకున్న ఒకే ఒక్క పాత్ర ఇతనిది. వీళ్ళ దేశం వాళ్ళకి వేళ్ళతో మాట్లాడుకునే రహస్య భాష ఒకటి ఉంది. పైకి వాతావరణం గురించి కబుర్లు చెప్పుకుంటూ కింద వేళ్ళతో అసలు సంగతి తేల్చుకుంటారు. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చుకునే దళారుల్ని చూసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు, కానీ చదువుతుంటే భలే ఉంటుంది. సిల్క్ ఉన్న పేజీలో మాటకి మాట పడుతుంది. ఈ గుంపు దారి పొడుగునా ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకోవడమే చాలామంది పాఠకులకి ఈ పుస్తకాలు గుర్తుండిపోవడానికి కారణం అనుకుంటాను. అయితే అదే జోకు నాలుగోసారి, అదే భుజాలెగరేయడం నలభయ్యోసారి వస్తుంది. ఒక్కబిగిన చదివితే వెగటు పుడుతుంది. పుస్తకానికీ పుస్తకానికీ మధ్య కాస్త ఎడం ఇవ్వండి.

మాండొరాలెన్ అనే వీరుడొకడున్నాడు. అందరూ మామూలు ఇంగ్లీషు మాట్లాడుతుంటే ఇతను పాత నాటకాల ఇంగ్లీషులో మాట్లాడతాడు. యాభైమందిని ఒక్కడే ఎదుర్కోవడం మర్యాదస్తుల పని అనుకునే రకం. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూచుని చదువుతున్నాం కదా, ఇతను నోరు తెరిచినప్పుడల్లా మాష్టారికి నవ్వు ఆగలేదు. గ్రాంథికం మాట్లాడేవాడు నిజాయితీపరుడు కావచ్చు గానీ వాడితో ప్రయాణం చేయడం కష్టం అని తీర్పు ఇచ్చారు. అతను మొదటిసారి భయపడే ఘట్టం ఒకటి ఉంది. భయం అంటే ఏమిటో అప్పటిదాకా తెలియని మనిషికి అది తెలిస్తే ఎలా ఉంటుందో రెండు పేజీల్లో చెప్పాడు. ఆ రెండు పేజీలు మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఆడవాళ్ళ సంగతి. రాణులు తెలివైనవాళ్ళు, భర్తల్ని తెరవెనక నడిపిస్తారు, మగవాళ్ళు చంటిపిల్లలు, అనే ఒక్క సూత్రం మీద అన్ని కాపురాలూ నడిపించాడు. మేనకోడలికి ఇది అస్సలు పడలేదు. "మన ఫ్యామిలీ సీరియల్ లాగే ఉంది అత్తా" అంది. సెనెడ్రా అనే రాజకుమారి మీద పెద్ద యుద్ధమే జరిగింది మా ఇంట్లో. పదహారో పుట్టినరోజున పెళ్ళిబట్టల్లో రివా రాజు కొలువుకి వచ్చి నిలబడాలని పాత ఒప్పందం. రాజు లేడు, ఎప్పటికీ రాడు, అయినా వచ్చి నిలబడాలి. అది ఇష్టంలేక ఇంట్లోంచి పారిపోయి, తెలియకుండా ఆ రాజు ఉన్న గుంపులోనే కలుస్తుంది. ఇది నాకు ముచ్చటగా ఉంది. మేనకోడలికి ఆ పిల్ల కేకలూ అలకలూ తప్ప ఏమీ కనబడలేదు. నాలుగో పుస్తకంలో ఆ పిల్లే కవచం తొడుక్కుని ఊరూరా మాట్లాడి సైన్యాన్ని లేపుతుంది. అక్కడికి వచ్చేసరికి మేనకోడలు కూడా కొంచెం మెత్తబడింది. ఆ సైన్యంలో చేరినవాళ్ళు చావడానికి వస్తున్నారని సెనెడ్రాకి తెలిసే ఘట్టం దగ్గర ఫోన్ చేసి మరీ చెప్పింది.

నా లెక్కలో నాలుగో పుస్తకం మొదటి సగమే శిఖరం. వారసుడు బయటపడ్డాక కథలో వెచ్చదనం తగ్గుతుంది. కిరీటం పెట్టుకున్నాక గారియన్ చుట్టూ సభలూ, మ్యాపులూ, సైన్యాల లెక్కలూ చేరతాయి. పోల్ పిన్ని వంటచేసే పేజీలు పోతాయి. ఐదో పుస్తకంలో యుద్ధం కన్నా గారియన్, తాత, సిల్క్ ముగ్గురూ నడిచి వెళ్ళే దారే బాగుంది. చివరి పోరు గురించి చెప్పను, చదవబోయేవాళ్ళ నోట్లో మట్టి కొట్టడం ఎందుకు. కత్తి బలంతో తేలదు అని మాత్రం చెప్తాను. అది నాకు నచ్చింది, బావగారికి ఎవరో చెప్తే "యుద్ధం లేని యుద్ధమా" అన్నారు.

ఇప్పుడు రాయడానికి ఇష్టంలేనిది. 1970లో, అంటే ఈ పుస్తకాలు రావడానికి చాలా ముందు, డేవిడ్ ఎడ్డింగ్స్‌కీ ఆయన భార్య లీ ఎడ్డింగ్స్‌కీ తాము దత్తత తీసుకున్న పిల్లవాణ్ణి హింసించిన కేసులో జైలుశిక్ష పడింది. ఇద్దరూ నేరం ఒప్పుకున్నారు. దత్తత తీసుకున్న పిల్లలిద్దరినీ వాళ్ళ దగ్గర నుంచి తీసేసుకున్నారు. లీ 2007లో, డేవిడ్ 2009లో చనిపోయారు. పాఠకుల్లో చాలామందికి ఈ సంగతి తెలిసింది ఆ తర్వాతే. ఈ పుస్తకాల్లో లీ చెయ్యి మొదటినుంచీ ఉందని తర్వాత డేవిడే చెప్పాడు, 1995 నుంచి అట్టమీద ఆవిడ పేరు కూడా వేశారు.

కన్నబిడ్డ కాని పిల్లాడిని కళ్ళలో పెట్టుకుని పెంచిన మనిషి కథ ఇది. దాన్ని రాసింది ఈ ఇద్దరూ. నాకు ఈ విషయం మూడో పుస్తకం మధ్యలో తెలిసింది. వంటింటి పేజీల గురించి పైన అంత ఇష్టంగా రాశాను కదా, అవి రెండోసారి చదివినప్పుడు ఆ ఇష్టం, ఈ కంపరం రెండూ ఒకేసారి కలిగాయి, ఒకటి ఇంకోదాన్ని చెరపలేదు. మేనకోడలు కొన్నాళ్ళు చదవడం ఆపేసింది, తర్వాత మళ్ళీ తనే అడిగి తీసుకుంది. రాసినవాడిని పక్కనబెట్టి రాసినదాన్ని చూడాలి అని మాష్టారు అన్నారు. ఒడియా అక్క ఏమీ అనలేదు, ఆ పిల్లలు తర్వాత ఏమయ్యారని అడిగింది. మీ ఇంట్లో పిల్లలకి ఇవ్వబోతే ఈ సంగతి మీకు తెలిసి ఉండడం మంచిదని రాశాను. పుస్తకాల్లో మాత్రం పన్నెండు పదమూడేళ్ళ పిల్లలు చదవకూడనిది పెద్దగా లేదు. నైస్సా రాణి సాల్మిస్రా అంతఃపురం దగ్గర కొంచెం చూసుకోండి.

కొనడం గురించి. మొదటి మూడూ ఒక సంపుటంగా, చివరి రెండూ ఇంకో సంపుటంగా కలిపి వేసిన పెద్ద పుస్తకాలు దొరుకుతాయి. నేను ముందు అవే ఆర్డర్ పెట్టాను, ఆన్‌లైన్‌లో పాత పుస్తకాలు అమ్మే ఒకాయన దగ్గర. రెండో సంపుటం రెండు కాపీలు వచ్చాయి. మొదటిది ఏదండీ అంటే "ఒకే కథ కదా మేడమ్" అన్నాడు. వెనక్కి పంపి డబ్బు రాబట్టుకునేసరికి తాతలు దిగొచ్చారు. చివరికి విడివిడిగా ఐదు పాత పేపర్‌బ్యాకులు ఇంకోచోట తెప్పించుకున్నాను. అక్షరాలు చిన్నవి, కాగితం పసుపు రంగుకి తిరిగింది, కానీ చేతిలో తేలిగ్గా ఉంటాయి. పెద్ద సంపుటం పడుకుని చదివితే మణికట్టు లాగుతుంది. ఏ ఎడిషన్ తీసుకున్నా ముందు పేజీల్లో మ్యాపు ఉందో లేదో చూసుకోండి. మ్యాపు లేకుండా ఈ కథ చదవడం దండగ, ఎడ్డింగ్స్ అసలు ముందు గీసుకున్నదే మ్యాపు, కథ ఆ తర్వాత వచ్చింది. ప్రతి పుస్తకం మొదట్లోనూ పురాణంలాంటి ఒక ముందుమాట ఉంటుంది. మొదటి పుస్తకంలోది బోలెడు పేర్లతో భయపెడుతుంది. బావగారి పడవ మునిగింది అక్కడే అని నా అనుమానం. అది దాటేసి వంటింట్లోకి వెళ్ళిపోండి, తర్వాత వెనక్కి వచ్చి చదువుకోవచ్చు.

దీని తర్వాత మల్లోరియన్ అని ఇంకో ఐదు పుస్తకాలున్నాయి, 1987 నుంచి 1991 దాకా వచ్చాయి. దాదాపు అదే గుంపు, మళ్ళీ ఒక వెతుకులాట, మళ్ళీ దేశదేశాలూ తిరగడం. ఇదంతా ఇదివరకు జరిగినట్టే ఉందే అని పాత్రలే అనుకుంటారు, దానికో కారణం కూడా చెప్తారు. నాకు ఆ కారణం సరిపోలేదు, రెండో పుస్తకంలో ఆపేశాను. ఒక్క మంచి ఏమిటంటే ఇక్కడ మర్గోలకి కూడా ఇళ్ళూ బాధలూ ఉంటాయని రచయితకి కాస్త గుర్తొచ్చింది. ఒడియా అక్క అందుకే అవి చదువుతానంటోంది. బెల్‌గరాత్, పోల్గారా తమ కథలు తాము చెప్పుకునే పుస్తకాలు ముందు జరిగిన కథే అయినా వాటితో మొదలుపెట్టకండి. పిల్లాడికి తెలియని సంగతులన్నీ మీకు వరసపెట్టి చెప్పేస్తాయి.

మా ఊరివాళ్ళు గానీ పాతపట్నం వాళ్ళు గానీ చదువుతానంటే నా సెట్టు ఇస్తాను, అట్టలు వేసి ఉన్నాయి, పేజీలు మడవకూడదు. రెండో పుస్తకం మాత్రం కొన్నాళ్ళు ఆగాలి. అది మాష్టారి కోడలు పట్టుకెళ్ళింది, పిల్లల పరీక్షలయ్యాక ఇస్తానంది.